చిల్లరమ్మ బొటనవేలు

చిల్లరమ్మ బొటనవేలికి కళ్ళున్నాయని బస్సు డిపోలో అందరూ అనేవారు. ఊళ్ళో తిరిగే బస్సులో ఇరవై తొమ్మిదేళ్ళు కండక్టరుగా చేసిందావిడ. కిక్కిరిసిన బస్సులో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చెయ్యి భుజానికి వేలాడే తోలుసంచిలో పెట్టి, కిందికి చూడకుండానే ఎంత చిల్లర కావాలంటే అంత తీసి చేతిలో పెట్టేది. దొంగ నాణెం వస్తే వేలికి తగలగానే తెలిసిపోయేది. "ఇది మీ ఇంట్లో పిల్లలకివ్వు బాబూ, ఆడుకుంటారు" అని వెనక్కి ఇచ్చేసేది. ఇచ్చినవాడు కిక్కురుమనకుండా ఇంకోటి తీసేవాడు. అసలు పేరేదో జీతం కాగితాల్లో ఉండేది గానీ, డ్రైవర్ల దగ్గర్నుంచి రోజూ ఎక్కే జనం దాకా అందరికీ ఆవిడ చిల్లరమ్మే.

ఆవిడకో పిచ్చి ఉంది. పడవ బిళ్ళల పిచ్చి. అవి చిన్న రాగి నాణేలు. ఒకవైపు తెరచాప పడవ, దాని కింద సంవత్సరం. రెండోవైపు గింజల కంకి. ఇరవై మూడేళ్ళ పాటు ఏటా కొట్టి ఆ తర్వాత ఆపేశారు. ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో అవి ఇంకా చలామణిలోనే ఉండేవి. సంచిలో ఎప్పుడైనా ఒకటి వేలికి తగిలితే, దాని బదులు తన సొంత నాణెం వేసి, బిళ్ళను కొంగున ముడేసుకునేది. అలా ఒక్కో సంవత్సరానిదీ ఏరింది. అప్పట్లో ఆ బస్సు నడిపేది ఆవిడ మొగుడే. డిపోలో పాత బస్సులు విరగ్గొట్టేటప్పుడు ఒక సీటు చెక్క అడిగి తెచ్చుకుని, దానికి ఇరవై మూడు గుండ్రటి గుంతలు తొలిచి, అడుగున సీటు మీది ఎర్ర రెక్సినే అంటించి పలకలా చేసి పెట్టాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన చేసిన పనుల్లో వంక పెట్టడానికి లేనిది అదొక్కటే అని చిల్లరమ్మ అంటూ ఉండేది.

ఇరవై రెండు గుంతలు నిండాయి. ఒకటి మాత్రం ఎర్ర రెక్సిన్ చూపిస్తూ ఖాళీగా ఉండిపోయింది. అది చివర 7 అంకె ఉన్న సంవత్సరాల్లో రెండోది. ఆ ఏడాది రాగి దొరక్క టంకశాలలో పదకొండు రోజులే బిళ్ళలు కొట్టారట. అందులోనూ చాలా మటుకు మళ్ళీ కరిగించేశారట. ఎన్ని వేల చేతులు ఆ సంచిలో నాణేలు వేశాయో, ఒక్క చెయ్యీ ఆ ఏడుని తేలేదు.

ఇక ఆవిడ బావగారి సంగతి చెప్పాలి. సొంత అక్క మొగుడు. ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. మెళ్ళో నల్లతాడుకి భూతద్దం వేలాడేసుకుని తిరుగుతాడు కాబట్టి వెనకాల అందరూ ఆయన్ని భూతద్దం అంటారు. ఊళ్ళో నాణేలు సేకరించేవాళ్ళ సంఘానికి ప్రెసిడెంటు. మనిషి చెడ్డవాడేం కాదు, కాకపోతే తనకు తెలియనిది లోకంలో లేదనుకునే రకం. సంఘంలో ఆయన పెట్టిన మొదటి నియమం: నాణేన్ని అంచులతోనే పట్టుకోవాలి, ముఖం మీద వేలు పెట్టకూడదు. చెమట తగిలితే రాగి నల్లబడుతుంది నిజమే, ఆ మాటలో తప్పు లేదు. కానీ ఆయన పుట్టి బుద్ధెరిగాక ఒక్క నాణేన్నైనా సరిగ్గా తడిమి చూసుంటాడా అని అనుమానం.

ఆయన దగ్గరా పడవ బిళ్ళలు ఇరవై రెండే. ఆయనకీ ఆ ఏడే లేదు. అయినా ఒకసారి అక్క ఇంట్లో భోజనాల దగ్గర పదిమందిలో అననే అన్నాడు. "మరదలా, సంచిలో పడ్డవి ఏరుకుంటే దాన్ని సేకరణ అనరమ్మా. చిల్లర అంటారు."

అందరూ నవ్వారు. డ్రైవరు మొగుడూ నవ్వాడు, ఆ పాపానికి మూడు రోజులు ఇంట్లో మాటలు లేక ఉన్నాడు. చిల్లరమ్మ కూడా నవ్వింది. నవ్వి, మంచినీళ్ళు తాగే వంకతో వంటింట్లోకి వెళ్ళి, గ్లాసు చేత్తో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడింది. ఆ మాట మనసులో గుచ్చుకుని ఉండిపోయింది.

సంఘం వాళ్ళు ఐదేళ్ళకోసారి పెద్ద హాల్లో ప్రదర్శన పెడతారు. ఒక్క ఖాళీ కూడా లేని సెట్టుకే గాజుపెట్టె ఇస్తారు. పక్కన కార్డు మీద పేరూ వృత్తీ రాస్తారు. ఖాళీ ఉన్న సెట్లు చివర బల్లల మీద, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా బరువు పెట్టిన కాగితాల పక్కన ఉంటాయి. ఇప్పటికి మూడుసార్లు చిల్లరమ్మ పలక ఆ బల్లల మీదే కూర్చుంది. నాలుగోసారి కూడా అక్కడే కూర్చోవాలంటే ఆవిడ ప్రాణం ఒప్పుకోవడం లేదు.

ఆవిడ రిటైరైన ఆర్నెల్లకి, ప్రదర్శన ఇంకా ఇరవై రోజులుందనగా, పాత నాణేల కొట్టాయన ఫోన్ చేశాడు. ఎవరిదో పాత ఇంటి సామాను కొంటే అందులో ఆ ఏడు అంకె బిళ్ళ దొరికిందట. ఒకటి కాదు, రెండు.

చిల్లరమ్మ అటక మీది రేకు డబ్బా దింపించింది. అందులో ఇరవై తొమ్మిదేళ్ళుగా పోగైన అదనపు నాణేలున్నాయి, పడవవీ ఇంకా రకరకాలవీ. ఆ డబ్బా మొత్తం ఇస్తే ఒక ఏడు ఇస్తానని కొట్టాయన ఎప్పుడో మాటిచ్చాడు. ఆవిడ దగ్గర ఇవ్వడానికి ఇంకేం లేదు. అంటే ఎంచుకోవడానికి ఒక్కసారే అవకాశం. తప్పు ఏరుకుందా, డబ్బా పోతుంది, గుంతా అలాగే ఉంటుంది.

కొట్లోకి వెళ్ళేసరికి బావగారు అప్పటికే స్టూలు మీద కూర్చుని, కంటికి భూతద్దం ఆనించుకుని ఉన్నాడు.

"రామ్మా రా. నువ్వొచ్చేదాకా బేరం లేదంటున్నాడీయన" అన్నాడు తల ఎత్తకుండానే.

కొట్టాయన సర్దిచెప్పాడు. "ఈవిడ పంతొమ్మిదేళ్ళ కిందటే చెప్పి పెట్టారు సార్. ముందు ఆవిడ ఏరుకుంటారు, మిగిలింది మీరు తీసుకోండి. నా కొట్లో పద్ధతి అంతే."

నల్లగుడ్డ మీద రెండు బిళ్ళలు ఉన్నాయి. మొదటిదాన్ని చూస్తే కళ్ళు తిప్పుకోలేం. తెరచాప తాళ్ళు లెక్కపెట్టొచ్చు. సంవత్సరం అంకెలు దూరం నుంచే కనిపిస్తున్నాయి, చివర 7 ఠీవిగా నిలబడి ఉంది. కాకపోతే పైన అంచు దగ్గర పెద్ద దెబ్బ. ఎవరో మెళ్ళో వేసుకోవడానికి కొక్కెం తగరంతో మాటు పెట్టి అతికించుకున్నారు, ఆ తర్వాత ఇంకెవరో పీకేశారు. అక్కడ బుడిపె, గాటు, నల్లటి మచ్చ మిగిలాయి. రెండోదానికి ఏ దెబ్బా లేదు, గాటూ లేదు. కానీ అరిగిపోయి నున్నగా ఉంది. పడవ నీడలా తోస్తుంది. వెనక కంకి ఉందంటే ఉంది, లేదంటే లేదు. సంవత్సరంలో మొదటి మూడంకెలు ఏదోలా ఆనుతున్నాయి గానీ, చివరిది ఏడో ఒకటో చెప్పడం కష్టం. అదే ఇంటి డబ్బీలో ఏడు అని రాసిన కాగితంలో చుట్టి ఉందని కొట్టాయన చెప్పాడు. కాగితం మాట ఎవరు నమ్ముతారు?

"ఇందులో ఆలోచించేదేముంది? దెబ్బ తిన్నా దాంట్లో బొమ్మ ఉంది. ఇది బోడిగుండు. నువ్వు మొదటిదే తీసుకుంటావు, నాకీ గుండు మిగులుతుంది. నా ఖర్మ" అని బావగారు నిట్టూర్చాడు.

చిల్లరమ్మ మొదటి బిళ్ళను అంచులతో ఎత్తి, అరచేతిలో పెట్టుకుని, బొటనవేలు దాని ముఖం మీద ఆనించింది.

"వేలు, వేలు... వేలు తియ్యి ముందు" అంటూ బావగారు స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

ఆవిడ వినిపించుకోలేదు. కళ్ళు మూసుకుంది. బస్సులో ఉన్నట్టే ఉంది ఆవిడకి, చుట్టూ గోల, తనకి మాత్రం వేలి కింద ఉన్నదొక్కటే లోకం. తెరచాప మీద వేలు మెత్తగా జారింది. మొదటి అంకె నున్నగా తగిలింది. రెండోదీ, మూడోదీ అంతే. నాలుగోది చురుక్కున గీసుకుంది. మళ్ళీ తడిమింది. మళ్ళీ గీసుకుంది. నాణెం అన్నాక జేబుల్లో, సంచుల్లో, చేతుల్లో నలుగుతుంది. నాలుగంకెలూ పక్కపక్కనే ఉన్నప్పుడు మూడు అరిగి ఒకటి అరక్కుండా ఎలా ఉంటుంది? భూతద్దంతో చూస్తే అన్నీ ఒకే రంగులో కనిపిస్తాయి కాబట్టి తెలియదు. వేలికి రంగుతో పనిలేదు.

రెండోది ఎత్తింది. అంతా ఒకే తీరుగా మెత్తగా ఉంది, ఎక్కడా తేడా లేదు. చివరి అంకె నెత్తి మీద చిన్న అడ్డగీత, అరిగి అరిగి ఉన్నట్టా లేనట్టా అన్నట్టు తగిలింది. అక్కడే, పడవ అడుగున, వెంట్రుకంత సన్నటి గీత ఇంకోటి తగిలింది. ఇదేమిటి? తన ఇరవై రెండింట్లో ఏ బిళ్ళకీ ఇలాంటి గీత లేదు. గాటా? పగులా? గాటైతే లోపలికి ఉండాలి, ఇది పైకి ఉంది. పంతొమ్మిదేళ్ళు ఎదురుచూసి చివరికి తనకి తెలియని గీత మీద డబ్బా అంతా పెట్టాలా?

"బావా, ఆ మొదటిదాని చివరి అంకె మీద ఒకసారి నువ్వు వేలు పెట్టి చూడు" అంది.

"నలభై ఏళ్ళలో ఏ నాణెం ముఖం మీదా వేలు పెట్టలేదు. ఇప్పుడు నీకోసం పెట్టమంటావా?"

"నాకోసం కాదు, నీకోసమే చెప్తున్నా. అది తేడాగా ఉంది బావా."

"నా బాగు నేను చూసుకుంటాగానీ, నువ్వు ఏరుకోవమ్మా తల్లీ."

చెప్పాల్సింది చెప్పింది. ఇక ఆవిడ పూచీ లేదు. రేకు డబ్బా కొట్టాయన ముందుకు తోసి, అరిగిన బిళ్ళను తీసుకుంది. కొట్టాయన నోరు వెళ్ళబెట్టాడు. బావగారి ముఖం మాత్రం చాటంత అయింది. మరదలు మనసు మార్చుకుంటుందేమోనని బేరం కూడా ఆడకుండా డబ్బిచ్చేసి, మొదటి బిళ్ళను జేబులో వేసుకుని ఆ జేబు మీద చెయ్యి పెట్టుకునే మెట్లు దిగాడు.

ఇంటికొచ్చి బిళ్ళను పలకలో పెడితే, డ్రైవరు వంగి చూశాడు. "ఏంటి కండక్టర్ గారూ, గుంత నింపమంటే చొక్కా గుండీ తెచ్చారు?"

"మీరు రోడ్డు చూసుకోండి డ్రైవర్ గారూ. చిల్లర సంగతి నాకొదిలేయండి" అంది గానీ, గొంతులో అంత ధీమా లేదు. ఆ రోజు సాయంత్రమే అక్క ఫోన్ చేసింది. "మీ బావ ఈల వేసుకుంటూ ఇల్లంతా తిరుగుతున్నాడే. పెళ్ళిలో కూడా ఇంత సంతోషంగా చూళ్ళేదు. నువ్వెందుకే అలా చేశావు?"

ఎందుకు చేసిందంటే ఏం చెప్తుంది? వేలు చెప్పింది అంటే నవ్వుతారు. ఇరవై రోజులూ పొద్దున్నే స్నానం చేసి, చెయ్యి తుడుచుకుని, ఆ గీత మీద వేలు పెట్టి చూసుకునేది. అది రోజూ ఉండేది, ఏమిటో మాత్రం చెప్పేది కాదు.

"రోజూ అలా తడిమితే ఉన్నది కూడా పోతుందే" అని మొగుడు బెంగపడ్డాడు.

ప్రదర్శన రోజు వచ్చింది. సెట్లు పరీక్షించి సంతకం పెట్టడానికి పై ఊరి నుంచి ఒక ముసలాయన్ని పిలిపించారు. ఎనభై దాటాయి. వయసులో ఉన్నప్పుడు టంకశాలలో నాణేలు గుద్దే ఉక్కు అచ్చులు చెక్కేవాడు. సంఘంలో అందరూ అచ్చుల తాత అంటారు. కర్ర ఊతంగా నడుస్తూ ఒక్కో సెట్టూ చూసి సంతకం పెడుతున్నాడు, పక్కనే ప్రెసిడెంటు హోదాలో బావగారు కాగితాలు అందిస్తున్నాడు. గాజుపెట్టెలు గోడవారన వరసగా ఎదురుచూస్తున్నాయి.

చిల్లరమ్మ పలక దగ్గర తాత ఆగాడు. ఎర్ర రెక్సిన్ చూసి ముచ్చటపడ్డాడు. ఇరవై రెండు బిళ్ళలకీ తలూపాడు. చివరిదాన్ని దీపం కిందికి తీసుకెళ్ళి ఇటూ అటూ తిప్పి, మెల్లగా కింద పెట్టేశాడు.

"అంకె కనబడటం లేదమ్మా. కనబడని అంకెకి నేను సంతకం పెట్టలేను."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. బావగారు గొంతు సవరించుకున్నాడు. "నియమం నియమమే కదమ్మా, ఏం చేస్తాం. ఆ చివర బల్ల మీద చోటుంది."

చిల్లరమ్మకి అక్క వంటింట్లో గ్లాసు పట్టుకుని నిలబడ్డ రోజు గుర్తొచ్చింది. అంతలోనే ఒళ్ళు మండింది. మండితే ఆవిడకి బుద్ధి ఇంకా చురుగ్గా పనిచేస్తుంది, డిపోలో ఎవరినైనా అడగండి.

"ఆగండి ప్రెసిడెంటు గారూ. బస్సు ఇంకా కదల్లేదు" అంది.

చేతిసంచిలోంచి పాత టికెట్ల పుస్తకం, అరంగుళం మిగిలిన పెన్సిలు ముక్క తీసింది. బస్సుల్లో అరిగిపోయిన నాణెం తీసుకుంటే చెకింగు వాళ్ళు ఇది చెల్లదని గొడవ పెట్టుకునేవారు. అప్పుడు కండక్టర్లకి ఒక పద్ధతి ఉండేది. నాణెం మీద పల్చటి టికెట్టు పరిచి, పెన్సిల్ని ఏటవాలుగా పట్టుకుని మెత్తగా రుద్దితే కంటికి కనబడని బొమ్మ కాగితం మీద తేలుతుంది. ఆ టికెట్టు చూపిస్తే చెకింగు వాళ్ళ నోరు మూతబడేది. చిల్లరమ్మ ఆ పని కదిలే బస్సులో, నిలబడి, వందలసార్లు చేసింది. ఇక్కడైతే బల్ల కూడా ఉంది.

టికెట్టు పరిచింది. తాత వద్దనలేదు. వేలితో కాగితం కదలకుండా పట్టుకుని రుద్దడం మొదలుపెట్టింది. ముందు తెరచాప వచ్చింది. తర్వాత పడవ వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళ తలలు దగ్గరికి చేరాయి. మొదటి అంకె, రెండోది, మూడోది. పెన్సిలు నాలుగో అంకె మీదికి వెళ్ళింది. నిలువు గీత తేలింది. దాని నెత్తిన, లేతగా, కానీ అనుమానం లేకుండా, అడ్డగీత తేలింది.

"ఏడు" అన్నారెవరో.

తాత మాత్రం ఏడుని చూడటం లేదు. పడవ అడుగున వెంట్రుకంత గీతని చూస్తున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇది నా తప్పు" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఆ ఏడాది బిళ్ళల అచ్చు నేనే చెక్కాను. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఉక్కు సరిగ్గా కాల్చలేదు. మొదటి రోజు పొద్దున్నే పడవ కింద సన్నగా పగిలింది. ఇంకోటి చెక్కడానికి టైము లేదు, ఆ పగిలినదాంతోనే పదకొండు రోజులూ కొట్టారు. ఆ పగులే బిళ్ళ మీద గీతై పడింది. ప్రతి బిళ్ళ మీదా ఉంటుంది. ఇది ఏ పుస్తకంలోనూ రాయలేదు. తప్పు కదా, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు." తలెత్తి చిల్లరమ్మ వంక చూశాడు. "నీకెలా తెలిసిందమ్మా?"

"ఏంటో తెలియదండి. ఉందని మాత్రం తెలుసు. వేలికి తగిలింది."

తాత జేబులోంచి కలం తీసి సంతకం పెట్టాడు. హాలు చప్పట్లతో మోగిపోయింది. ఆ మోత మీదుగా, వెనక వరసలోంచి, బస్సు నడిపిన గొంతు ఒకటి "రైట్, రైట్!" అని అరిచింది. మొగుడి నోటి నుంచి ఆ మాట వినడం ఆవిడకదే మొదటిసారి, అది చెప్పడం ఎప్పుడూ తన పనే కదా. చిల్లరమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, దాచుకోలేదు.

బావగారు కదలకుండా నిలబడి ఉన్నాడు. తన పలక మూసేసి ఊరుకోవచ్చు, ఎవరూ అడగరు. కానీ ముందే చెప్పాను కదా, మనిషి చెడ్డవాడు కాదు. తనంతట తనే దెబ్బ తిన్న బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు.

"నాది కూడా రుద్ది చూడండి" అన్నాడు.

చిల్లరమ్మ ఇంకో టికెట్టు చింపి, పెన్సిలు ముక్క ఆయన చేతికిచ్చింది. "నువ్వే రుద్దు బావా."

ఆయన రుద్దాడు. బొమ్మ అద్భుతంగా వచ్చింది. తాళ్ళతో సహా తెరచాప వచ్చింది, నిండు పడవ వచ్చింది. పడవ కింద మాత్రం ఏమీ లేదు. రెండోసారి రుద్దాడు. అప్పుడూ ఏమీ లేదు. తాత ఆ 7 మీద గోటితో గీకితే, పైన అడ్డగీత దగ్గర నలుపు లేచి కింద తెల్లటి మాటు లోహం మెరిసింది.

"కొక్కెం అతికించినవాడో ఎవడో, ఒకటికి టోపీ పెట్టి ఏడు చేశాడు నాయనా" అన్నాడు తాత.

కొట్టాయన గుంపులోంచి ముందుకొచ్చి, తనకీ తెలియదని లెంపలేసుకుని, బిళ్ళ వెనక్కి తీసుకుంటానన్నాడు. బావగారు తలూపి, తన పలకని తనే మోసుకెళ్ళి చివర బల్ల మీద, ఫ్యాను కింద పెట్టుకుని వచ్చాడు. దారి పొడుగునా ఒక్కరూ నవ్వలేదు. చిల్లరమ్మ అసలు నవ్వలేదు.

గాజుపెట్టెలో పలక అమరింది. ఇరవై మూడూ నిండుగా ఉన్నాయి, ఎర్ర రెక్సిన్ ఎక్కడా కనబడటం లేదు. బిళ్ళ పక్కన ఆ పెన్సిలు టికెట్టు కూడా పెట్టమని తాత పట్టుబట్టాడు. కార్డులు రాయడం ప్రెసిడెంటు పని. బావగారు కలం పట్టుకుని పేరు రాసి ఆగాడు.

"వృత్తి దగ్గర ఏం రాయమంటావు? సేకరణకర్త అని రాయనా?"

"కండక్టర్ అని రాయి బావా. కొంచెం పెద్దక్షరాలతో రాయి."

ఆయన రాశాడు. రాసి, పెట్టెలో పెట్టి, పెట్టె దగ్గరే నిలబడిపోయాడు. ఏదో అడగాలని ఉంది, అడగలేకపోతున్నాడు. మెళ్ళో భూతద్దాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"మరదలా, ఆ గీత... ఒక్కసారి వేలు పెట్టి చూడనా?"

చిల్లరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "చేతులు కడుక్కున్నావా?"

ఆయన కుళాయి దగ్గరికి వెళ్ళి, చేతులు కడుక్కుని, జేబురుమాలుతో ఒక్కో వేలూ తుడుచుకుని వచ్చాడు. ఆవిడ పెట్టె తెరిచి ఏడుని తీసి ఆయన అరచేతిలో పెట్టింది. బావగారు భూతద్దం వదిలేసి, కళ్ళు మూసుకుని, నలభై ఏళ్ళలో మొదటిసారి ఒక నాణెం ముఖం మీద బొటనవేలు ఆనించాడు.

"ఉందమ్మా" అన్నాడు చివరికి. "ఉంది."